పొగ కార్డు

ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఆఫీసులో నా చేతికి ఒక అట్టముక్క ఇచ్చారు. అరచేతికన్నా కాస్త పెద్దది. మధ్యలో గుండ్రటి రంధ్రం, దాని చుట్టూ ఆరు గడులు. మొదటి గడి తెల్లగా ఉంటుంది, అది సున్నా. చివరిది నల్లగా ఉంటుంది, అది అయిదు. మిగతా నాలుగింటిలో సన్నవీ లావువీ నల్లగీతలు. చెయ్యి చాచి పట్టుకుంటే గీతలు కలిసిపోయి ఒక్కో గడి ఒక్కో బూడిదరంగులోకి మారుతుంది. ఎండని వీపు వైపు పెట్టుకుని నిలబడి, ఆ రంధ్రంలోంచి పొగగొట్టాన్ని చూడాలి. పొగ ఏ గడితో సరిపోతే ఆ అంకె కాగితం మీద రాయాలి. ఊళ్ళో ఉన్న పదిహేడు పొగగొట్టాలకి అంకెలు వెయ్యడమే నా పని.

ఇంటికి తెచ్చి నాన్నకి చూపిస్తే పడీపడీ నవ్వాడు.

"పొగకి మార్కులా! బడిలో మాకే ఎవరూ సరిగ్గా వెయ్యలేదే తల్లీ."

"నవ్వకండి. దానికి చదువు కావాలి. మీలాగా పార పట్టుకుంటే వచ్చేది కాదు," అంది అమ్మ, నా పక్షం వహిస్తున్నట్టుగా మొహం పెట్టి. తరవాత తనూ నవ్వింది.

నాన్న ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో బాయిలర్ మనిషి. పొయ్యిలో బొగ్గు వేసి, నీళ్ళు మరిగించి, ఆవిరి తయారుచేసి పైన ఉతుకుడు గదికి పంపడం ఆయన పని. ఇరవై ఏడేళ్ళుగా అదే పొయ్యి, అదే పార. అమ్మ అదే లాండ్రీలో మడతల గదిలో పనిచేసేది. మా ఇల్లు మొత్తం ఒక్క పొగగొట్టం కింద బతికింది. అలాంటి ఇంట్లోంచి మూడోదాన్ని నేను బయల్దేరి ఆ గొట్టానికే మార్కులు వేసే ఉద్యోగం తెచ్చుకున్నాను.

నాన్న పని నుంచి వచ్చాక చొక్కా తలుపు వెనక కొక్కేనికి తగిలించేవాడు. బొగ్గు, ఆవిరి, సబ్బు, చెమట కలిసిన ఒక వాసన ఉండేది దానికి. అది మా ఇంటి వాసన. బయటి నుంచి వచ్చి తలుపు తియ్యగానే నాన్న ఇంట్లో ఉన్నాడో లేడో ముక్కుకి తెలిసిపోయేది. జీవితమంతా పొగని ఆపే ఉద్యోగం చేసినదాన్ని, ఆ పొగవాసన కోసం నా ప్రాణం కొట్టుకుంటుందంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.

చలికాలం మొదట్లో సెలవురోజు పొద్దున్నే నాన్న నన్ను మేడ మీదికి తీసుకెళ్ళేవాడు, పొగ చదవడం నేర్పిస్తానని. ఇద్దరం టీ గ్లాసులు పట్టుకుని పిట్టగోడ దగ్గర నిలబడేవాళ్ళం.

"అదిగో, రొట్టెల బట్టీ. అది కట్టె. కట్టె ఉందే, తొందరమనిషి. వస్తూనే హడావుడి, చిటపటలు, గంట తిరక్కుండా బూడిద. అందులోనూ పచ్చికట్టె అయితే ఏడుపుగొట్టు మొహం. నీళ్ళు కారుస్తూ, పొగ పెడుతూ, మనల్నీ ఏడిపిస్తుంది."

"బొగ్గు?"

"బొగ్గు నిదానస్తుడు. రాజుకోవడానికి సతాయిస్తాడు. ఒక్కసారి మన మాట విన్నాడా, ఇక పూటంతా వదలడు."

"గ్యాసు?"

నాన్న మొహం చిట్లించాడు. "మీట తిప్పితే వస్తుంది, మీట తిప్పితే పోతుంది. దాంతో పరిచయం ఎలా పెట్టుకుంటాం?"

కార్డు లేకుండానే నాన్న అంకెలు చెప్పేవాడు. నేను రంధ్రంలోంచి చూసి సరిచూసుకునేదాన్ని. ఒక్కసారి కూడా తప్పలేదు. ఒకరోజు సబ్బుల ఫ్యాక్టరీ గొట్టాన్ని చూసి "ఒకటిన్నర" అన్నాడు.

"ఒకటిన్నర లేదు నాన్నా. ఒకటుంది, రెండుంది."

"మీ కార్డులో లేకపోతే ఆకాశంలో ఉండకూడదా?"

లాండ్రీ గొట్టం వైపు మాత్రం తను చూడకుండా నన్నడిగేవాడు. "మనది?"

"ఒకటి. ఒక్కోసారి అది కూడా లేదు."

టీ గ్లాసు వెనక దాచుకోబోయినా నవ్వు ఆగేది కాదు. "పొగంటే ఏమనుకున్నావ్? కాలకుండా పారిపోయిన బొగ్గు. పైన నల్లగా వస్తోందంటే కింద ఉన్నవాడికి పని రాదని అర్థం. పార నిండా వెయ్యకూడదు. పల్చగా, అన్ని మూలలా పరవాలి. గాలి తలుపు ఎంత తియ్యాలో మంట రంగు చూసి తెలుసుకోవాలి."

ఆఫీసులో విన్నదాన్ని నేనూ ఒకటి వదిలాను. "కంటికి కనబడనిది కూడా ఉంటుందట నాన్నా. పొగ సున్నా వచ్చినా బొగ్గు కాలినంతా గాలిలోనే చేరుతుందట. ఏళ్ళ తరబడి అక్కడే ఉండి భూమిని వేడెక్కిస్తుందట."

నాన్న చాలాసేపు గొట్టం వైపు చూశాడు. "దానికి కార్డుందా మీ దగ్గర?"

"లేదు."

"మరి నేను దాన్ని ఎలా సరిచెయ్యను?" అన్నాడు. తప్పు తనదేనన్నట్టుగా ఉంది ఆ అడగడం. అనవసరంగా అన్నానేమోనని ఆ పూటంతా నాకు మనసు మనసులో లేదు.

చలి ముదిరాక లాండ్రీకి మంచి బొగ్గు రావడం తగ్గింది. దాని బదులు లారీలో పాత టైర్ల ముక్కలు దిగాయి. పొద్దున్నే తెల్లవారకముందు, ఎవరూ చూడనప్పుడు అవి వేసి ఆవిరి పట్టాలని, తెల్లారాక కాస్త బొగ్గు కలిపి నడిపించాలని ఓనరు చెప్పాడు. నాన్న నోట్లో నాలుక లేని మనిషి. అలాంటిది మెట్లెక్కి ఓనరు గదికి వెళ్ళి, "ఇది ఇంధనం కాదండీ, చెత్త" అన్నాడట.

"మండేదంతా ఇంధనమే," అన్నాడట ఓనరు.

మరో రెండుసార్లు వెళ్ళాడు. ఓనరు చెవిన వేసుకోలేదు.

ముందు మారింది చొక్కా వాసన. తలుపు తియ్యగానే గొంతులో గుచ్చుకునే ఘాటు. అమ్మ ఆ చొక్కాని తీసి పెరట్లో తీగ మీద వేసేది. తరవాత దుప్పట్లు మారాయి. ఆవరణలో ఆరేసిన తెల్లదుప్పట్ల మీద నల్లటి నలుసులు రాలేవి. బొగ్గుమసి అయితే దులిపితే పోతుంది. ఇది తుడిస్తే జిడ్డుగా సాగేది. ఆస్పత్రి వాళ్ళు కట్టలకి కట్టలు తిప్పి పంపారు.

"ఉతికిందే ఉతుకుతున్నాం. ఒకే దుప్పటి మూడుసార్లు మడతపెట్టాను ఇవాళ. దాని మొహం నాకు గుర్తుండిపోయింది," అని అమ్మ నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు తొందరగా ఆగలేదు. నాన్న భోజనం మధ్యలో చెయ్యి ఆపి, అది ఆగేదాకా కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"మానెయ్యొచ్చు కదా నాన్నా?" అన్నాను అమ్మ లోపలికి వెళ్ళాక.

"నేను మానేస్తే పొయ్యి ఆగుతుందా? ఇంకొకడొస్తాడు. నేను ఒక పార వేసేచోట వాడు నాలుగు వేస్తాడు. నేనున్నాను కాబట్టి పగలు మూడు దగ్గరైనా ఆగుతోంది." కంచం పక్కకి జరిపి అన్నాడు, "రబ్బరు నా మాట వినడం లేదు తల్లీ. ఎంత పల్చగా పరిచినా వినడం లేదు."

మేడ మీదికి వెళ్ళడం మానేశాం. నాన్న పిలవలేదు, నేను అడగలేదు.

అంతలో లాండ్రీ పక్కనున్న బడి నుంచి మా ఆఫీసుకి అర్జీ వచ్చింది. పిల్లలు దగ్గుతున్నారని, కిటికీలు తియ్యలేకపోతున్నామని. మా పెద్దసారు ఆ కాగితం నా ముందు పెట్టి ఇబ్బందిగా కదిలాడు.

"మీ నాన్నగారు అక్కడే కదమ్మా. ఇంకొకరిని పంపుదామంటే రెండోఆయన సెలవులో ఉన్నాడు. వచ్చేదాకా ఆగుదామా?"

"అక్కర్లేదండి. నేనే వెళ్తాను," అన్నాను. నా కళ్ళ మీద, నాన్న పనితనం మీద అప్పటికి అంత ధీమా.

రూలు తేలికైనది. మూడు దాకా హెచ్చరిక. నాలుగు వస్తే సరిచేసుకోవడానికి పదిహేను రోజులు గడువు. అయిదు వస్తే మర్నాడే పొయ్యికి సీలు. ఇంకో రూలు కూడా ఉంది. ఎప్పుడు చూడటానికి వస్తున్నామో ముందుగా ఎవరికీ చెప్పకూడదు.

ఆ రెండో రూలు నేను ఇంట్లో భోజనాల దగ్గరే తప్పాను. కావాలని కాదు. మా ఇంట్లో ఎవరు ఎప్పుడు ఎక్కడుంటారో చెప్పుకోకుండా ఏ రోజూ గడిచేది కాదు. "గురువారం సాయంత్రం ఆలస్యమవుతుందమ్మా, మూడింటికి బడి మేడ ఎక్కాలి," అనేశాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. బడి మేడ పక్కనున్న గొట్టం ఒక్కటే.

అమ్మ ముందు తేరుకుంది. నా వైపు కాకుండా నాన్న వైపు తిరిగింది. "విన్నారుగా. అమ్మాయే ఉప్పందించింది. అది పొగ చూసే ఆ పావుగంట మంచిబొగ్గు నాలుగు పారలు వేసి, గాలి తలుపు బార్లా తియ్యండి. దాని ఉద్యోగానికీ మాట రాదు, మన ఇద్దరి పనీ ఉంటుంది."

"అమ్మా, అలా..."

"అలా లేదు, ఇలా లేదు. పొయ్యి ఆగితే ఆయనకి ఈ వయసులో ఎవరిస్తారే పని? పార తప్ప ఇంకేం పట్టుకున్నాడు ఆయన?"

నాన్న నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి, "మూడింటికి ఎండ పడమటికి తిరుగుతుంది. మేడకి పడమటి చివర నిలబడు, ఎండ వీపు మీద ఉంటుంది. లేకపోతే తప్పు చదువుతావు," అన్నాడు.

మంచివాడు, ఒప్పుకున్నాడు అనుకున్నాను. సిగ్గుగానూ ఉంది, గుండెల మీంచి బరువు దిగినట్టూ ఉంది.

గురువారం ఆకాశం గాజులా ఉంది. బడి మేడ మీద, నాన్న చెప్పిన చివరనే నిలబడ్డాను. కింద పిల్లలు ఆటల్లో ఉన్నారు. రెండు యాభైకి గొట్టంలోంచి పొగ సన్నగా, దాదాపు లేనట్టే ఉంది. కార్డు తీశాను. ఒకటి. మా పాత ఒకటి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సరిగ్గా మూడింటికి పొగ ఆగిపోయింది. గొట్టం మూతి ఖాళీగా కనిపించింది. ఏమైందోనని నేను కార్డు దించేలోపు అది వచ్చింది. నల్లగా, చిక్కగా, మెలికలు తిరుగుతూ పైకి లేచి, గాలికి వాలి లాండ్రీ ఆవరణ మీద పడుకుంది. ఆరేసిన దుప్పట్లు కనబడకుండా పోయాయి. కింద ఆట ఆగింది. ఎవరో పెద్దావిడ పిల్లల్ని లోపలికి తోలుతోంది. పన్నెండు నిమిషాలు అలాగే వచ్చింది. నేను చెయ్యి చాచి కార్డు పట్టుకునే ఉన్నాను. రంధ్రంలో పొగకీ, చివరి గడికీ తేడా లేదు. రంధ్రం ఎక్కడుందో కూడా తెలియలేదు.

కాగితం తీసి నాలుగు అని రాశాను.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. ముందు సబ్బుతో, తరవాత పీచుతో, గోళ్ళ సందుల్లో చీపురుపుల్లతో. అది అయ్యేదాకా ఎవరూ మాట్లాడించకూడదని మా ఇంట్లో అలవాటు. ఆ రోజు తనే మాట్లాడాడు, వెనక్కి తిరక్కుండా.

"ఎంత రాశావు?"

"నాలుగు."

నాన్న చేతుల మీద నీళ్ళు పోసుకున్నాడు. తువాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. తరవాత నా వైపు తిరిగి, "నాలుగు కాదు తల్లీ. అయిదు," అన్నాడు.

గుమ్మంలో అమ్మ నిలబడిపోయింది.

"పొగ పెట్టింది నేను. నాకు తెలియదా? మూడింటికి గాలి తలుపు మూసి, పొయ్యి నిండా రబ్బరు వేశాను. నీకోసం కొత్తగా చేసింది కాదు. రోజూ పొద్దున మీరెవ్వరూ లేవకముందు వచ్చే పొగే అది. వెలుతుర్లో ఎవరికీ కనబడటం లేదు కదా అని ఓనరు ధైర్యం. నీకు కనబడాలని మూడింటికి పెట్టాను."

"ఎందుకండీ?" అంది అమ్మ. "ఇప్పుడు మనం ఏమైపోవాలి?"

"మూడుసార్లు మెట్లెక్కాను. నా మాట వినలేదు. దీని కాగితం వింటాడు," అన్నాడు నాన్న. తరవాత చాలా మామూలుగా, "నువ్వు పైన మడతల గదిలో దగ్గుతుంటే నాకు కింద పొయ్యి దగ్గరికి వినబడుతోంది," అన్నాడు.

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమంతా ఆవిడ ఒక్కసారి కూడా దగ్గలేదు. దగ్గు వచ్చినప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకుంటోందని, భుజాలు కదలడం చూసి తెలుసుకున్నాం.

పొద్దున ఆఫీసుకి వెళ్ళగానే నాలుగు కొట్టేసి, పక్కన అయిదు రాసి, సంతకం పెట్టాను. ఆ కొట్టివేత చూసి మా సారు కళ్ళద్దాలు తీశాడు. కాగితం మీద ముద్ర కొట్టాడు.

సీలు వేసినా అంత పెద్ద పొయ్యి ఒక్కపూటలో ఆరదు. రెండురోజులు పట్టింది. ఆ రెండురోజులూ నాన్న పనికి వెళ్ళినట్టే వెళ్ళి దాని ముందు నిలబడ్డాడట. పొయ్యి అడుగున గడ్డకట్టిన చిట్టెం ఊచతో లాగి, బూడిద ఎత్తి, పార కడిగి గోడకి చేర్చి వచ్చాడు. మూడోరోజు ఇంటికి వచ్చినప్పుడు నేను తలుపు దగ్గరే ఉన్నాను. చొక్కాకి వాసన లేదు.

ఆరువారాల తరవాత లాండ్రీ గ్యాసు బాయిలర్‌తో మళ్ళీ మొదలైంది. అమ్మ మడతల గదికి వెళ్ళింది. దుప్పట్లు తెల్లగానే ఉండేవి. మంచుకాలం వెళ్ళేసరికి దగ్గు తగ్గింది. బడి వాళ్ళు కిటికీలు తీశారు. అంతా అనుకున్నట్టే జరిగింది, నాన్నకి తప్ప. ఓనరు ఏమనుకున్నాడో గానీ, కొత్త బాయిలర్ దగ్గర మీటరు ముల్లు చూస్తూ కూర్చునే పని ఉందని కబురు పంపాడు. నాన్న ఒకరోజు వెళ్ళాడు. మధ్యాహ్నానికే వచ్చేశాడు.

"ఏమైంది నాన్నా?"

"కుర్చీ ఇచ్చారు," అన్నాడు. "ఇరవై ఏడేళ్ళలో ఆ గదిలో కుర్చీ లేదు. చిన్న గాజు కిటికీ పెట్టారు, లోపల నీలంగా మంట. ఎంతసేపు చూసినా ఒకటే రంగు. అది నన్నేమీ అడగలేదు."

మళ్ళీ వెళ్ళలేదు. చేసినదానికి ఎప్పుడూ బాధపడలేదు, నన్ను బాధపడనివ్వలేదు. కానీ నాన్నకి ఆ పొయ్యి మీద బెంగ. సాయంత్రం పని వదిలే వేళకి పెరట్లోకి వెళ్ళి శుభ్రంగా ఉన్న చేతుల్నే సబ్బుతో, పీచుతో, చీపురుపుల్లతో కడుక్కునేవాడు. మేమిద్దరం చూసి చూడనట్టు ఉండేవాళ్ళం.

సెలవురోజుల్లో మళ్ళీ మేడ ఎక్కడం మొదలుపెట్టాం. నాన్న అంకెలు చెప్పేవాడు, నేను సరిచూసేదాన్ని. ఏడాదికొకటి చొప్పున గొట్టాలు తగ్గాయి. రొట్టెల బట్టీ కరెంటు పొయ్యి పెట్టుకుంది. సబ్బుల ఫ్యాక్టరీ ఊరు దాటింది. చాలా ఏళ్ళ తరవాత, నాన్నకి మెట్లెక్కితే ఊపిరాడక, డాక్టరు ఎక్స్‌రే తీసి కిటికీకి ఎత్తిపట్టి చూపించాడు. నల్లటి ఊపిరితిత్తుల మీద ఉన్న తెల్లమచ్చలన్నీ బొగ్గుదుమ్ము చేసిన పనేనని, అక్కడ నలుపుంటేనే మంచిదని చెప్పాడు. నాన్న కుర్చీ జరుపుకుని, మేడ మీంచి పొగగొట్టాన్ని చూసినట్టే తీరిగ్గా చూశాడు.

"మా అమ్మాయి కార్డు తిరగేసి పట్టుకోవాలన్నమాట," అన్నాడు. డాక్టరుకి అర్థం కాలేదు. నేను నవ్వాను. నాన్న నా నవ్వు కోసమే అన్నాడని తెలిసి, ఇంకాస్త నవ్వాను.

ఇప్పుడు పొగని యంత్రాలే కొలుస్తున్నాయి. అప్పుడు నాన్నకి లేదని చెప్పానే, ఆ కనబడనిదాన్ని కొలిచే కార్డు కూడా వచ్చింది, అంకెలన్నీ గోడమీద తెరలో పడుతుంటాయి. నా అట్టముక్క అంచులు మెత్తబడి, టేబులు సొరుగులో ఉంది. చలికాలం పొద్దున్నే టీ గ్లాసూ, అదీ పట్టుకుని ఒక్కదాన్నే మేడ ఎక్కుతాను. ఎండని వీపు వైపు పెట్టుకుంటాను. ఒకప్పుడు లాండ్రీ గొట్టం ఉండే చోటికి చెయ్యి చాస్తాను. రంధ్రంలో మబ్బు కూడా లేని ఆకాశం. సున్నా. ఎంతమంది పిల్లలు కిటికీలు తీసుకుని చదువుకుంటున్నారో నాకు తెలుసు. అయినా ఒక్కసారి, ఒక్క పొద్దు, ఆ చోట ఒకటి కనబడితే బాగుండునని ఉంటుంది.